సైబర్ సెక్యూరిటీలో బీటెక్: నెల్లూరు, ఒంగోలు వైపు పిల్లలు ఎట్టా చదవాలి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చినప్పట్నించి మన వైపు ఎవర్ని కదిలించినా ఒకటే గోల, సీఎస్ఈలో ఏ బ్రాంచ్ తీసుకోవాలి అని. ఏఐనా, డేటా సైన్సా, సైబరా. సైబర్ అనుకుంటున్న వాళ్ల కోసం ఇది. వెబ్ ఆప్షన్స్ పెట్టబోయే వాళ్లకీ పనికొస్తుంది, ఆల్రెడీ చేరిపోయి ఇప్పుడేం చేయాలిరా దేవుడా అని దిక్కులు చూస్తా ఉన్న ఫస్టియర్ వాళ్లకీ పనికొస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మెమోల మీద సైబర్ సెక్యూరిటీ అని ప్రింటయితే ఉద్యోగం రాదు, ఒక సిస్టమ్ ముందు కూర్చోబెట్టి ఇందులో ఏం జరిగిందో చెప్పు అంటే చెప్పగలిగితే వస్తుంది. నాలుగేళ్లూ ఆ రెండోదాని కోసం వాడుకోవాలి, మొదటిది ఎట్టాగూ కాలేజీ వాళ్లే ఇస్తారు.

ముందు సీటు సంగతి

ఎంసెట్‌కి 2021 నించి ఈఏపీసెట్ అని పేరు, పరీక్ష మాత్రం అదే, 160 ప్రశ్నల్లో మాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ర్యాంక్ వచ్చాక ఆప్షన్స్ దగ్గర మన రెండు జిల్లాల వాళ్లు చూసుకోవాల్సింది ఒకటుంది, చాలామంది పట్టించుకోరు. నెల్లూరు ఎస్వీయూ రీజియన్ కిందకి వస్తుంది, ప్రకాశం ఏయూ రీజియన్ కిందకి వస్తుంది. కన్వీనర్ సీట్లలో 85 శాతం ఆ రీజియన్ లోకల్ వాళ్లకే. అంటే కావలి పిల్లోడికి ఒంగోలు గంట ప్రయాణమే అయినా అక్కడి కాలేజీలో వాడు నాన్ లోకల్, మిగిలిన 15 శాతంలో అందరితో కలిసి పోటీ పడాలి. అదే పిల్లోడికి ఎక్కడో ఉన్న అనంతపురం, కర్నూలు కాలేజీల్లో మాత్రం లోకల్! సింగరాయకొండ పిల్లకేమో విశాఖపట్నం దాకా లోకల్, పక్కనున్న కావలిలో నాన్ లోకల్. పోయినేడాది కటాఫ్ చూసేటప్పుడు ఏ రీజియన్ కటాఫ్ చూస్తున్నారో సరిగ్గా చూసుకోండి. కందుకూరు వైపు వాళ్లు, జిల్లాలు మార్చినందువల్ల అనుమానం ఉంటే, సర్టిఫికెట్ వెరిఫికేషన్ అయ్యాక మీకు లోకల్ ఏరియా ఏమని పడిందో చూసుకున్నాకే ఆప్షన్స్ లాక్ చేయండి. యూనివర్సిటీ కూడా మారుతుంది, నెల్లూరు కాలేజీలు జేఎన్‌టీయూ అనంతపురం కింద, ఒంగోలు కాలేజీలు జేఎన్‌టీయూ కాకినాడ కింద. అటానమస్ అయితే సిలబస్ కాలేజీదే. కాబట్టి ఒంగోలు ఫ్రెండ్ పంపిన మెటీరియల్ నెల్లూరులో అక్షరం అక్షరం పనికిరాదు, సబ్జెక్టులు చాలావరకు ఒకటే అయినా సెమిస్టర్లు అటూ ఇటూ అవుతుంటాయి.

బ్రాంచ్ పేర్లలో కూడా తేడా ఉంది. సీఎస్ఈ సైబర్ సెక్యూరిటీ అని ఒకటి, సీఎస్ఈ ఐఓటీ అండ్ సైబర్ సెక్యూరిటీ ఇంక్లూడింగ్ బ్లాక్‌చెయిన్ టెక్నాలజీ అని చాంతాడంత పేరుతో ఇంకొకటి. రెండో దాంట్లో సెన్సార్లు, బ్లాక్‌చెయిన్ అన్నీ కలిపి పెడతారు, సెక్యూరిటీ వాటా తగ్గుతుంది. ఇక మామూలు సీఎస్ఈ తీసుకుని ఎలెక్టివ్స్‌లో సెక్యూరిటీ పెట్టుకోవడం మూడో దారి. నన్నడిగితే మంచి కాలేజీలో మామూలు సీఎస్ఈ వస్తుంటే, నిన్న గాక మొన్న పెట్టిన కాలేజీలో సైబర్ సీటు కోసం దాన్ని వదులుకోవద్దు. కంపెనీ వాళ్లు బ్రాకెట్‌లో ఏముందో పెద్దగా చూడరు.

కాలేజీ చూడ్డానికి పోయినప్పుడు ఏసీ సెమినార్ హాలు చూపిస్తారు, బస్సులు చూపిస్తారు. మీరు ల్యాబ్‌కి పొండి. అక్కడ సిస్టమ్స్‌లో వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మిషన్‌ని, నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకోనిస్తారా, లేక ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుందా, నెట్‌వర్క్ సెక్యూరిటీ ఎవరు చెప్తారు, ఆ సార్ రెండో ఏడాది కూడా ఉంటాడా లేదా అని సీనియర్లని క్యాంటీన్ దగ్గర అడగండి. వాళ్లయితే ఉన్నదున్నట్టు చెప్తారు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, ఇది ఇంట్లో నాన్నతో ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

బీటెక్ ఒక్కటే దారి అనుకోవద్దు. పాలిటెక్నిక్ చేసిన వాళ్లు ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లోకి రావచ్చు. విక్రమ సింహపురి యూనివర్సిటీ కింద గానీ ఒంగోలు ఆంధ్రకేసరి యూనివర్సిటీ కింద గానీ బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ చేసి తర్వాత ఎంసీఏకి పోవచ్చు, ఖర్చు చాలా తక్కువ. టెన్త్‌లో మంచి మార్కులున్న వాళ్లకి ఒంగోలు ట్రిపుల్ ఐటీ ఉండనే ఉంది. ఇంట్లో అంత దూరం పంపేటట్టయితే గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో కూడా ఈ చదువు ఉంది.

ఫస్టియర్: కాలీ లైనెక్స్ జోలికి పోకండి

అవును, పోకండి. ఫస్టియర్‌లో ప్రతి ఒక్కడూ చేసే మొదటి పని కాలీ ఎక్కించి, నల్ల స్క్రీన్ మీద పచ్చక్షరాలు పెట్టి స్టేటస్ పెట్టడం. లైనెక్స్ అంటే విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. కాలీ అనేది డెబియన్ అనే లైనెక్స్ మీద కట్టిందే, అందులో హ్యాకింగ్ టూల్స్ సర్ది పెట్టి ఇచ్చారంతే. లైనెక్స్ రాకుండా ఆ టూల్స్ పట్టుకుంటే ఎర్రర్ వచ్చిన చోటే ఆగిపోతారు.

లాప్‌టాప్ కొనేటప్పుడు గ్రాఫిక్స్ కార్డుకి పెట్టే డబ్బులు ర్యామ్‌కి పెట్టండి. 16 జీబీ ఉంటే హాయి, 8తో నెట్టుకు రావచ్చు గానీ రెండు వర్చువల్ మిషన్లు ఒకేసారి తెరిస్తే మొరాయిస్తుంది. ఎస్ఎస్‌డీ తప్పనిసరి. బయోస్‌లోకి పోయి వర్చువలైజేషన్ ఆన్ చేయండి, ఇంటెల్ అయితే వీటీ ఎక్స్ అని, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అని ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే వర్చువల్‌బాక్స్ పనిచేయట్లేదు అని సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటా కూర్చుంటారు.

వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు ఎక్కించండి, ఇదీ లైనెక్సే. తర్వాత ఓవర్‌దివైర్ వాళ్ల బ్యాండిట్ అనే ఆట ఉంది, ఫ్రీ. ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) 2220 పోర్టుకి కనెక్ట్ అయితే మొదటి లెవెల్ మొదలవుతుంది, ఒక్కో లెవెల్‌లో ఒక ఫైల్ దాచిపెట్టి ఉంటుంది, అందులో తర్వాతి లెవెల్ పాస్‌వర్డ్ ఉంటుంది. ఫైల్ పేరే ఒట్టి డ్యాష్ అయితే దాన్నెట్టా తెరవాలి, వేల లైన్లలో ఒక్క లైన్ ఎట్టా పట్టుకోవాలి, ఇట్టాంటివి. యూట్యూబ్‌లో ఆన్సర్లు చూసి కొట్టేస్తే ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, ఏమీ రాదు. రోజుకొక లెవెల్ చాలు, మీ అంతట మీరు కొట్టుకోండి.

దీంతో పాటు సి లాంగ్వేజ్ ఎట్టాగూ సిలబస్‌లో ఉంటుంది, పరీక్ష కోసం బట్టీ కొట్టకండి. పాయింటర్లు, అర్రే హద్దు దాటి రాస్తే మెమరీలో ఏం జరుగుతుంది, ఇవి అర్థమైతే రేపు బఫర్ ఓవర్‌ఫ్లో అనే మాట వచ్చినప్పుడు మీకది కొత్తగా ఉండదు. పైథాన్ సొంతంగా నేర్చుకోండి, చిన్న చిన్న స్క్రిప్టులు రాయగలిగితే చాలు.

సెకండియర్: నెట్‌వర్క్స్, అసలు ఆట ఇక్కడుంది

ఇంటర్వ్యూల్లో మన పిల్లలు బోల్తా పడేది ఎక్కువగా ఈ సబ్జెక్టులోనే. నెట్‌వర్క్ పనిని ఏడు పొరలుగా చెప్పే ఓఎస్ఐ లేయర్లు పద్యం లాగా అప్పజెప్తారు, బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కితే మొదట ఏం జరుగుతుంది అంటే నీళ్లు నములుతారు. దీనికి మందు వైర్‌షార్క్. ఫ్రీ సాఫ్ట్‌వేర్, మీ నెట్‌వర్క్ కార్డు మీదుగా పోయే ప్యాకెట్లన్నీ, అంటే డేటా ముక్కలన్నీ చూపిస్తుంది.

ఇట్టా చేయండి. ఉబుంటు వర్చువల్ మిషన్‌లో డీవీడబ్ల్యూఏ అనే వెబ్ అప్లికేషన్ పెట్టండి, కావాలని లొసుగులతో రాసిన సైట్ అది, నేర్చుకోవడం కోసమే. నెట్‌వర్క్ సెట్టింగ్ హోస్ట్ ఓన్లీ అని పెట్టండి, అప్పుడది మీ లాప్‌టాప్ దాటి బయటికి పోదు, హాస్టల్ వైఫై మీద అసలు కనపడదు. ఇప్పుడు లాప్‌టాప్‌లో వైర్‌షార్క్ తెరిచి ఆ హోస్ట్ ఓన్లీ అడాప్టర్ మీద క్యాప్చర్ స్టార్ట్ చేసి, బ్రౌజర్‌లో ఆ సైట్‌కి లాగిన్ అవ్వండి. యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ అనే మాటే దాని పాస్‌వర్డ్. క్యాప్చర్ ఆపండి. లిస్టులో మొదట మూడు ప్యాకెట్లు కనపడతాయి, మీ వైపు నించి సిన్, అటు నించి సిన్ యాక్, మళ్లీ ఇటు నించి యాక్. త్రీ వే హ్యాండ్‌షేక్ అని పుస్తకంలో బాణం గుర్తులతో గీసిన బొమ్మ ఇదే, ఇప్పుడు మీ కళ్ల ముందు టైమ్‌తో సహా ఉంది. ఇంకా కిందకి పోతే పోస్ట్ అని ఒక లైన్ ఉంటుంది, దాని మీద రైట్ క్లిక్ కొట్టి ఫాలో, టీసీపీ స్ట్రీమ్ అనండి. మీరు టైప్ చేసిన యూజర్ నేమూ పాస్‌వర్డూ ఉన్నవి ఉన్నట్టు అక్షరాల్లో కనపడతాయి. మధ్యలో కూర్చున్న ఎవడైనా సరే చదవగలడు అంటే అర్థం ఇది.

తర్వాత క్యాప్చర్‌ని మీ వైఫై అడాప్టర్ మీదకి మార్చి, మీ సొంత అకౌంట్‌తో ఏదైనా హెచ్‌టీటీపీఎస్ సైట్ తెరిచి ఇదే చూడండి. హ్యాండ్‌షేక్ అట్టాగే ఉంటుంది, పోర్టు 80 బదులు 443 ఉంటుంది, లోపల సరుకంతా చదవడానికి లేకుండా పిచ్చి అక్షరాలు. కానీ డీఎన్ఎస్ (సైట్ పేరుకి ఐపీ అడ్రస్ వెతికిపెట్టేది) అని ఫిల్టర్ కొడితే మీరు ఏ సైట్‌కి పోయారో పేరు మాత్రం చాలాసార్లు కనపడుతుంది. ఎన్‌క్రిప్షన్ దేన్ని దాస్తుంది, దేన్ని దాచదు అని ఎవరైనా అడిగితే ఇక మీరు పుస్తకం వెతుక్కోనక్కర్లేదు.

అదే ఉబుంటులో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ పెట్టి, లాప్‌టాప్ నించి కావాలని తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టండి. వార్ ఫోల్డర్‌లో లాగ్, అందులో ఆథ్ లాగ్ అనే ఫైల్ తెరిస్తే ఫెయిల్డ్ పాస్‌వర్డ్ అని వరుసగా పడి ఉంటాయి, టైమూ, ఏ ఐపీ నించి వచ్చిందీ అన్నీ. గ్రెప్ అనే లైనెక్స్ కమాండ్‌తో ఆ లైన్లు ఏరి, ఏ ఐపీ నించి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే చిన్న పైథాన్ స్క్రిప్టు రాయండి. రేపు సాక్ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) అనలిస్ట్ ఉద్యోగంలో చేసేది పెద్ద ఎత్తున ఇదే పని.

క్రిప్టోగ్రఫీ వచ్చేసరికి మన పిల్లలకి ఒక లాభం ఉంది, ఎంపీసీ చేసినవాళ్లం కాబట్టి లెక్కలంటే భయం లేదు. 1977 నాటి ఆర్ఎస్ఏ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని చిన్న సంఖ్యలతో చేత్తో చేసి చూడండి. 3, 11 తీసుకోండి, గుణిస్తే 33. ఒక్కోదాంట్లో ఒకటి తీసేసి గుణిస్తే 2 ఇంటూ 10, 20. పబ్లిక్ కీ 3 అనుకుంటే ప్రైవేట్ కీ 7 అవుతుంది, ఎందుకంటే 3 ఇంటూ 7, 21, దాన్ని 20తో భాగిస్తే శేషం 1. ఇప్పుడు 4 అనే మెసేజ్ పంపాలి. 4 క్యూబ్ 64, 33తో భాగిస్తే శేషం 31. ఆ 31 అవతలికి పోతుంది. అవతల వాళ్లు 31ని ఏడో ఘాతం చేసి 33తో భాగిస్తే శేషం మళ్లీ 4. నమ్మకం లేకపోతే కాగితం మీద చేసి చూడండి. 33ని ఎవడైనా 3, 11గా విడగొట్టగలడు, 617 అంకెల సంఖ్యని విడగొట్టడం ఇప్పటి కంప్యూటర్లతో కుదరదు, 2048 బిట్ల కీ అంటే అంత పెద్దది, భద్రతంతా అక్కడే ఉంది.

ఈ మధ్యలో చట్టం సంగతి

ఈ బ్రాంచ్ అని తెలిసిన మరుక్షణం నించి చుట్టాలూ ఫ్రెండ్సూ మొదలుపెడతారు, ఒరే ఆ అమ్మాయి ఇన్‌స్టా తెరిచిపెట్టు, వైఫై పాస్‌వర్డ్ కొట్టిపెట్టు, కాలేజీ సైట్‌లో అటెండెన్స్ మార్చడం కుదురుతుందా అని. కుదరదు అని మొహం మీద చెప్పేయండి. ఐటీ చట్టం 2000లో సెక్షన్ 43, 66 కలిపి చదవండి, పర్మిషన్ లేకుండా వేరేవాళ్ల సిస్టమ్‌లోకి దురుద్దేశంతో దూరితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వేరేవాళ్ల పాస్‌వర్డ్ వాడితే 66సీ. ప్రభుత్వం ప్రొటెక్టెడ్ అని ప్రకటించిన సిస్టమ్స్ జోలికి పోతే సెక్షన్ 70, అక్కడ పదేళ్ల దాకా ఉంది. సరదాకి స్కాన్ చేశా సార్ అంటే స్టేషన్‌లో ఎవరూ వినరు, కేసు పడితే పాస్‌పోర్ట్ దగ్గరా, కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ దగ్గరా అది అడ్డం పడుతుంది. మీ సొంత వర్చువల్ మిషన్, ప్రాక్టీస్ కోసమే పెట్టిన సైట్లు, రాతపూర్వకంగా పర్మిషన్ ఇచ్చిన చోటు, బగ్ బౌంటీ ప్రోగ్రామ్‌లో (లొసుగు చెప్తే కంపెనీయే డబ్బులిచ్చేది) స్కోప్‌లో ఉన్నవి. ఇంతే, ఇంకెక్కడా వద్దు. ఎక్కడైనా లొసుగు కంటపడితే కేంద్ర ప్రభుత్వ సైబర్ సంస్థ సెర్ట్ ఇన్‌కి రిపోర్ట్ చేయొచ్చు.

థర్డియర్: ఒక వైపు తేల్చుకోవాలి

సైబర్ సెక్యూరిటీ అంటే హ్యాకింగ్ ఒక్కటే అనుకుంటారు. వెబ్, యాప్‌లలో లొసుగులు పట్టే వీఏపీటీ ఒక పని. రాత్రీ పగలూ అలర్ట్‌లు చూసే సాక్ ఇంకొకటి, ఫ్రెషర్లకి ఉద్యోగాలు ఎక్కువ దొరికేది ఇక్కడే. పోలీసు కేసుల్లో ఫోన్లూ డిస్కులూ తవ్వే ఫోరెన్సిక్స్ ఉంది. ఐఎస్ఓ 27001 అనే సెక్యూరిటీ ప్రమాణం ఆడిట్లు, పాలసీలు చూసే జీఆర్‌సీ ఉంది, కోడింగ్ అంటే పడని వాళ్లకి, ఇంగ్లీషు బాగా రాయగల వాళ్లకి అది మంచి దారి, ఎవరూ చెప్పరు గానీ.

వెబ్ వైపు పోయేవాళ్లు పోర్ట్‌స్విగర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ పట్టుకోండి, పూర్తిగా ఫ్రీ. వెబ్ లొసుగుల్లో ముఖ్యమైనవి చెప్పే ఓవాస్ప్ టాప్ టెన్ లిస్టులో 2021లో మొదటిది బ్రోకెన్ యాక్సెస్ కంట్రోల్, అంటే మీ బిల్లు లింక్‌లో చివర నంబర్ మారిస్తే పక్కవాడి బిల్లు తెరుచుకోవడం లాంటివి. ముందు దాని ల్యాబ్‌లు చేయండి, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ కంటే ఇదే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. సాక్ వైపు అయితే లాగ్‌లు చూసి అలర్ట్‌లిచ్చే వాజూ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్ని ఒక వర్చువల్ మిషన్‌లో పెట్టి, ఇందాక చెప్పిన తప్పు పాస్‌వర్డ్‌ల ఆట మళ్లీ ఆడండి, ఈసారి అలర్ట్ రూపంలో డ్యాష్‌బోర్డు మీదకి వస్తుంది.

ప్రాజెక్టుకి ఏం తీసుకోవాలి అని అడిగేవాళ్లకి నాదొక సలహా. మన ఊళ్లలో వాట్సాప్ గ్రూపుల్లో పెళ్లి కార్డు అనో, చలానా అనో, పీఎం కిసాన్ అనో ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లు) తిరుగుతా ఉంటాయి, రొయ్యల చెరువు మీద వచ్చిన డబ్బులు అకౌంట్‌లో పడీ పడగానే అట్టాంటి దాన్ని నొక్కి పోగొట్టుకున్న వాళ్లున్నారు. అదే మీ ప్రాజెక్టు. ఫైల్‌ని ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేయొద్దు, నెట్ కట్ చేసిన వర్చువల్ మిషన్‌లోకే పోనివ్వాలి. ముందు షా 256 హ్యాష్ తీసి (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది), ఆ హ్యాష్‌ని వైరస్‌టోటల్ సైట్‌లో వెతకండి. తర్వాత జాడెక్స్ అనే టూల్‌తో విప్పి, యాప్ అడిగే పర్మిషన్లు ఉండే మానిఫెస్ట్ ఫైల్ చూడండి. పెళ్లి కార్డుకి ఎస్ఎంఎస్‌లు చదివే పర్మిషన్ ఎందుకు? ఓటీపీ కోసం. ఆ ఓటీపీలు ఎటు పోతున్నాయో కోడ్‌లో వెతికితే ఒక్కోసారి ఏదో సర్వర్ అడ్రసో, టెలిగ్రామ్ బాటో దొరుకుతుంది, దొరికితే దాని జోలికి మీరు పోవద్దు, రాసి పెట్టుకుని సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రిపోర్ట్ చేయండి. డబ్బులు పోయినవాళ్లు ఎవరైనా ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించండి, డబ్బు ఇంకో అకౌంట్‌కి మారేలోపు ఆపించడానికి అదే దారి. ఇంటర్వ్యూలో ఇది చెప్తుంటే అవతలివాళ్లు పెన్ను పక్కన పెట్టి వింటారు. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ ప్రాజెక్టు కొనుక్కొచ్చి పెట్టినవాడికి ఆ భాగ్యం ఉండదు.

చేసిన ప్రతిదీ రాయండి. ఏం అనుకున్నా, ఏం చేశా, ఎక్కడ ఆగిపోయా, చివరికి ఏం తేలింది, స్క్రీన్‌షాట్‌లతో, సింపుల్ ఇంగ్లీషులో. తెలుగు మీడియం నించి వచ్చిన వాళ్లు ఇంగ్లీషు మాట్లాడటం గురించే కంగారుపడతారు గానీ ఈ ఫీల్డ్‌లో రిపోర్ట్ రాయడం దానికంటే ముఖ్యం, పెన్‌టెస్ట్ (పర్మిషన్‌తో దాడి చేసి లొసుగులు వెతకడం) చేసినోడు క్లయింట్‌కి ఇచ్చేది రిపోర్టే. గిట్‌హబ్‌లో పెట్టి రెజ్యూమేలో లింక్ ఇవ్వండి.

సర్టిఫికెట్ల దగ్గర జాగ్రత్త. అమీర్‌పేట బోర్డులు చూసి మొదటి ఏడాదే సీఈహెచ్ (ఎథికల్ హ్యాకర్ సర్టిఫికెట్)కి అప్పు చేయొద్దు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల ఎథికల్ హ్యాకింగ్ కోర్సు ఉంది, వినడానికి ఫ్రీ, పరీక్ష రాయాలంటే 1000 రూపాయలు. థర్డియర్ చివర డబ్బులు కుదిరితే కాంప్‌టియా వాళ్ల సెక్యూరిటీ ప్లస్ రాయండి, 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 900కి 750 రావాలి. పెన్‌టెస్టింగ్ సర్టిఫికెట్ ఓఎస్‌సీపీ గొప్పదే, పరీక్షే 23 గంటల 45 నిమిషాలు, రిపోర్టుకి ఇంకో రోజు. ఉద్యోగం వచ్చాక కంపెనీ డబ్బులతో రాసుకోవచ్చు, తొందరేం లేదు.

ఫోర్తియర్

క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో ఎక్కువ శాతం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకే వస్తాయి, సెక్యూరిటీ పేరుతో విడిగా వచ్చేవి తక్కువ. వచ్చింది తీసుకుని లోపలికి పోయాక సెక్యూరిటీ టీమ్‌కి మారడం చాలామంది చేసే పనే, అదేం చిన్నతనం కాదు. కాబట్టి ఆప్టిట్యూడ్, డేటా స్ట్రక్చర్స్ మాకెందుకు అని వదిలేయకండి. ఆఫ్ క్యాంపస్‌లో సాక్ ఎల్ వన్ (మొదటి మెట్టు) పోస్టులకి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై మూడూ వెతకండి, నెల్లూరు వాళ్లకి చెన్నైకి పొద్దున పోయి ఇంటర్వ్యూ ఇచ్చి రాత్రికి ఇంటికొచ్చే సౌకర్యం ఉంది, వాడుకోండి. ఇంటర్వ్యూలో 2017 వాన్నాక్రై (ఫైళ్లు లాక్ చేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్) ఎట్టా పాకింది, 2022లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోయినప్పుడు బ్యాకప్ ఎట్టా ఆదుకుంది, ఇట్టాంటివి అడుగుతారు. వాన్నాక్రై విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీలో లొసుగు పట్టుకుని 445 పోర్టు మీదుగా పాకింది, దానికి ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే మార్చిలో వచ్చేసింది, వేసుకోని వాళ్ల సిస్టమ్స్ పోయాయి. ఈ రెండో ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

ఒక మాట, సాక్ ఉద్యోగంలో మొదటి రెండేళ్లు నైట్ షిఫ్టులుంటాయి, వారం వారం మారతాయి. ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి ఉంచండి, ఆఫర్ లెటర్ వచ్చాక అప్పుడు పంచాయితీ పెట్టుకోకుండా. జాయినయ్యేలోపు ఖాళీ దొరికినా, ఏ ఆఫరూ రాకపోయినా, సీడాక్ వాళ్ల పీజీ డిప్లొమాలో ఐటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, సిస్టమ్స్ అండ్ సెక్యూరిటీ అనే కోర్సు చూడండి, సీ క్యాట్ అనే ఎంట్రన్స్ రాయాలి, దాదాపు ఆరు నెలలు, ప్లేస్‌మెంట్స్ కూడా వాళ్లే పెడతారు. నోటిఫికేషన్ ఏడాదికి రెండు సార్లు పడుతుంది, ఫైనల్ సెమిస్టర్‌లో ఉన్నప్పుడే సీడాక్ సైట్ మీద ఒక కన్నేసి ఉంచండి.